మోడల్ ఐపీ పెడితే జడ్జి అధికారం తేలింది

1994 జూన్‌లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో ఓ పెళ్లి. వధువుకు 26 ఏళ్లు, వరుడికి 89. ఆమె ప్లేబాయ్ మోడల్ అన్నా నికోల్ స్మిత్, ఆయన చమురు కుబేరుడు హోవర్డ్ మార్షల్. పద్నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన పోయాడు. వీలునామాలో ఆమె పేరు లేదు. 1996లో ఆమె కాలిఫోర్నియాలో ఐపీ పెట్టింది.

సవతి కొడుకు పియర్స్ ఆ దివాలా కోర్టుకే వచ్చి, తన పరువు తీసిందంటూ దావా వేశాడు. భర్త తనకు ఇవ్వబోయిన ఆస్తికి అతనే అడ్డుపడ్డాడని ఆమె ఎదురుదావా. 2000లో ఆ కోర్టు జడ్జి ఆమెకు 42.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలన్నాడు. టెక్సస్‌లో నడిచిన వీలునామా కేసులో జ్యూరీ మాత్రం మరుసటి ఏడాది పియర్స్ వైపు మొగ్గింది.

డబ్బు సంగతి పక్కన పెట్టి, అసలు ఆ తీర్పు చెప్పే హక్కు ఆ జడ్జికి ఉందా అన్న ప్రశ్న లేచింది. జడ్జీల పదవినీ జీతాన్నీ బ్రిటన్ రాజు మూడో జార్జి గుప్పిట్లో పెట్టుకున్నాడన్నది 1776 స్వాతంత్ర్య ప్రకటనలోని ఫిర్యాదుల్లో ఒకటి. అందుకే అమెరికా రాజ్యాంగం మూడో అధికరణం కింద ఫెడరల్ జడ్జి సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం పదవిలో ఉంటాడు, అతని జీతం తగ్గించరాదు. దివాలా జడ్జికి ఆ రెండు రక్షణలూ లేవు, పదవీకాలం 14 ఏళ్లే. ఈ కారణంగానే 1982లో నార్తర్న్ పైప్‌లైన్ కేసులో సుప్రీంకోర్టు 1978 నాటి దివాలా కోర్టుల ఏర్పాటును కొట్టేసింది. సరిదిద్దుకోమని గడువిచ్చి, దాన్ని పొడిగించినా చట్టసభ కదల్లేదు. చివరికి 1984లో అతుకు వేసింది. ఆ అతుకే అన్నా నికోల్ కేసులో చిరిగింది.

2011 జూన్ 23న సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది: ఎదురుదావా రాష్ట్ర చట్టం కిందిది, పియర్స్ వేసిన పరువు దావా తేల్చినంత మాత్రాన అది తేలిపోదు, కాబట్టి దివాలా జడ్జి దానిపై తుది తీర్పు ఇవ్వలేడు. ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యం మీద డికెన్స్ రాసిన ‘బ్లీక్ హౌస్’ నవలతో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పు మొదలుపెట్టడం కొంటెతనమే! కోర్టుల పని నత్తనడక పడుతుందని జస్టిస్ బ్రెయర్ అసమ్మతి. ఆ భయం కొంత నిజమే, అయినా నా ఓటు రాబర్ట్స్‌కే. జీతం కోసం ఎవరి ముఖమూ చూడనక్కర్లేని జడ్జి దొరకడం కక్షిదారు హక్కు.

పియర్స్ 2006లో, ఆమె 2007లో చనిపోయారు. తీర్పు వచ్చేనాటికి కోర్టులో ఉన్నది వారి ఎస్టేట్లే. ఇరుపక్షాలూ తెలిసి ఒప్పుకుంటే దివాలా జడ్జి ఇలాంటి తగాదానూ తేల్చవచ్చని 2015లో అదే సుప్రీంకోర్టు చెప్పింది.