సమాంతర చతుర్భుజము – పొలముల పంపకము

ఇద్దరన్నదమ్ములు పొలము పంచుకొనుచున్నారనుకొందము. చుట్టుకొలత ఎక్కువగా నున్న చెక్కను అన్న ఉదారముగా తమ్మునికి విడిచెను. పంట ఇంటికి వచ్చునప్పటికి తమ్ముని గాదె సగమే నిండెను! ఇట్టి మోసములు నిజముగా జరిగినట్లు క్రీ. శ. 5వ శతాబ్దపు గ్రీకు పండితుడు ప్రోక్లసు వ్రాసియున్నాడు. చుట్టుకొలత పెద్దది ఇతరులకిచ్చి, వైశాల్యము పెద్దది తాము ఉంచుకొని, పైగా ధర్మాత్ములని పేరుకూడ తెచ్చుకొన్నారట.

ఈ భ్రమకు విరుగుడు యూక్లిడు క్రీ. పూ. 300 ప్రాంతమున రచించిన 'ఎలిమెంట్స్' మొదటి భాగములో నున్నది. సమాంతర చతుర్భుజమున ఎదురెదురు భుజములు, కోణములు సమానములనియు, కర్ణము దానిని సమముగా ఖండించుననియు 34వ సిద్ధాంతము. కర్ణము గీసి, ఏకాంతర కోణములను చూచిన చాలును, ఇది తేలిపోవును.

35వదియే విచిత్రమైనది. ఒకే భూమిపై, ఒకే సమాంతర రేఖల నడుమ నున్న సమాంతర చతుర్భుజములన్నియు వైశాల్యమున సమానములు. ఒకటి ఎంత వాలినను సరే! వాలినకొలది చుట్టుకొలత అంతులేకుండ పెరుగును. వైశాల్యము మాత్రము అణువంతయు పెరుగదు. నమ్మశక్యము కాని సిద్ధాంతములలో దీనిని ప్రోక్లసు చేర్చుట సహజమే.

పాఠకులు కాగితముపై గీచి చూడవచ్చును. ఖగ భూమిగా కఖగఘ, చఖగఛ అను రెండింటిని గీయుడు. పైరేఖపై క, ఘ, చ, ఛ ఈ వరుసలో నుండవలెను. కఘ, చఛ రెండును ఖగకు సమానములు. ఘచను రెంటికిని కలుపగా కచ, ఘఛ సమానములగును. కఖ, ఘగ సమానములు. వాటి నడిమి కోణములును అంతే. కనుక కఖచ, ఘగఛ త్రిభుజములు సర్వసమానములు. కఖగఛ అను పెద్ద ఆకారమునుండి మొదటి త్రిభుజమును తీసివేసిన ఒక చతుర్భుజము, రెండవదానిని తీసివేసిన మరొకటి మిగులును. యూక్లిడు కూడిక, తీసివేతలను కొంచెము వేరుగా చేసెను, సారమిదియే.

మన గణితమున ఆకారమునకు 'క్షేత్రము' అని పేరు. పొలమునకును అదే పేరు. 1150లో రచించిన లీలావతిలో భాస్కరాచార్యుడు, కర్ణముగాని లంబముగాని చెప్పక చతుర్భుజ వైశాల్యమడుగువాడు పిశాచమనియు, బదులు చెప్పువాడు అంతకు మించినవాడనియు కోపించెను. భుజములన్నియు 25గా గల క్షేత్రమును ఆయన చూపెను. కర్ణములు 30, 40 అయిన వైశాల్యము 600. కర్ణములు 14, 48 అయిన 336 మాత్రమే. చదరమైన 625. మూడింటికిని చుట్టుకొలత 100.