స్టీరింగు పట్టినవాడే నేరస్థుడా?

భోపాలపట్నం నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో మద్దేడ్ ఉంది. తెలంగాణను బస్తర్‌తో కలిపే నిజామాబాద్–జగ్దల్‌పూర్ రహదారి ఇదే. ఈ దారిన లారీ నడిపి బతికేవాడికి ప్రమాదం జరిగిన మరుక్షణం రెండు భయాలు: ఒకటి చుట్టుముట్టే జనం, రెండోది చట్టం. ఆ రెండో భయానికి నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1860 నాటి శిక్షాస్మృతిలో నిర్లక్ష్యపు మరణానికి ప్రత్యేక సెక్షను లేదు. 1870లో 304-ఎ చేర్చారు. గరిష్ఠ శిక్ష రెండేళ్లు. మోటారు కారు ఇంకా పుట్టని రోజుల్లో వచ్చిన ఆ సెక్షను కాలక్రమంలో డ్రైవర్ల మెడకు చుట్టుకుంది. నిందితుడు ప్రమాణం చేసి తన తరఫున తానే సాక్ష్యం చెప్పుకునే హక్కు 1955 సవరణతో గాని దక్కలేదు.

రక్షణ న్యాయస్థానాల నుంచి వచ్చింది. 1979లో సయ్యద్ అక్బర్ కేసులో ఒక బస్సు డ్రైవరును నిర్దోషిగా తేలుస్తూ, నిర్లక్ష్యాన్ని నిరూపించే భారం ప్రాసిక్యూషనుదేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1998లో సతీశ్ కేసులో, బండి వేగంగా వచ్చిందన్న మాట ఒక్కటే నేరానికి రుజువు కాదన్నది.

అయితే వేగం వెనుక యజమాని ఒత్తిడి ఉంటుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు ఎనిమిది గంటల పనినే అనుమతించింది. కానీ అది వర్తించింది ఐదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే. ఒంటి లారీ యజమాని వద్ద పనిచేసేవాడికి ఆ చట్టం నేరుగా వర్తించలేదు.

భారతీయ న్యాయ సంహిత శిక్షను ఐదేళ్లకు పెంచింది. పోలీసులకు తెలపకుండా పారిపోతే పదేళ్లంది. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను జనాగ్రహాన్ని గుర్తించి, క్షతగాత్రుణ్ణి ఆసుపత్రికి చేర్చే బాధ్యత నుంచి అలాంటి వేళ మినహాయింపునిచ్చింది. కొత్త నిబంధనలో ఆ ఊసే లేదు. 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మెకు దిగడంతో హైదరాబాద్‌లోనూ పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు పదేళ్ల నిబంధనను మినహాయించారు.

సమ్మె ఒక నిబంధనను ఆపింది, కేసులను కాదు. మద్దేడ్ వద్ద పట్టుబడిన తెలుగు డ్రైవరు ముందు పెట్టేవి హిందీ కాగితాలు. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయాన్ని 1987 చట్టం హక్కుగా ఇచ్చింది. అర్థం కాని కాగితంపై సంతకం చేశాక కాదు, చేయకముందే ఆ సహాయం అందాలి. నేరం యంత్రానిదా, యజమానిదా, మనిషిదా అన్న విచారణ అక్కడి నుంచే మొదలవుతుంది.