లేఖకుని చేయి

చేయి నొచ్చుచున్నదన్న గుమాస్తాను చూచి, “కలము మోయుటకే ఇంత కష్టమా?” అని నవ్వువారు కలరు. మేమును కలముతో బ్రతుకువారమే. ఈ నొప్పికి మూడు వందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు గనుక, దానిని పాఠకుల ముందుంచుచున్నాము.

ఇటలీలో బెర్నార్దీనో రామజ్జీని (1633–1714) అను వైద్యుడుండెను. పనివారికి వచ్చు వ్యాధులను గూర్చి ఆయన 1700లో లాటిను భాషలో ఒక గ్రంథము ప్రకటించినాడు. రోగిని అడుగవలసిన ప్రశ్నలకు ఆయన మరియొకటి చేర్చినాడు: “నీవు చేయు పని యేమి?” 1713 నాటి ముద్రణలో లేఖకుల బాధలకు మూడు కారణములు చెప్పినాడు: కదలక కూర్చుండుట, చేతిని ఎడతెగక ఒకే తీరున ఆడించుట, తప్పు దొరలకుండ మనస్సును బిగబట్టుట. తానెరిగిన యొక దస్తావేజుల లేఖకుని సంగతియు వ్రాసినాడు. అతని కుడిచేయి మొదట అలసి, పిదప చచ్చుబడినది. అతడు ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనగా, కొలది కాలమునకే దానికిని అదే గతి పట్టినది.

పందొమ్మిదవ శతాబ్దమున తంతి వచ్చినది. దినమెల్ల మోర్సు మీటను నొక్కు ఉద్యోగుల వ్రేళ్ళు కొంకరలు పోవ నారంభించినవి. బ్రిటనులో 1908లో ఈ బాధను నష్టపరిహారమునకు అర్హమైన వృత్తివ్యాధుల పట్టికలో చేర్చినారు. అయినను 1911లో అక్కడి విచారణ సంఘము, పని అలసటతో పాటు ఉద్యోగి నరముల దౌర్బల్యమును గూడ కారణముగా చూపినది. అనగా నేరములో సగము రోగి నెత్తిన పడినది. 1980 దశకమున ఆస్ట్రేలియాలో కీబోర్డుల ముందు పనిచేయువారి చేతులు నొచ్చినపుడును ఇదే వాదము తిరిగి లేచినది: నొప్పి చేతిలోనిదా, మనస్సులోనిదా?

ఈ బాధలన్నియు ఒకటి కావని నేటి వైద్యము చెప్పుచున్నది. కొన్ని కండరములను ఎముకలకు కట్టియుంచు స్నాయువులకు సంబంధించినవి. కొన్ని మణికట్టు వద్ద నరము నొక్కుకొనుటచే కలుగునవి. వ్రాయబోగానే వ్రేళ్ళు బిగిసిపోవుట వంటివి, కదలికలను నడుపు మెదడు వ్యవస్థకు సంబంధించినవి. అయినను ఒకే కదలికను మరల మరల చేయుట, అధిక బలము, వంకర భంగిమ, విశ్రాంతి లేమి మెడ, భుజములు, చేతుల బాధలకు దోహదము చేయుననుట స్థిరపడినది.

మన దేశమున 2013 జూలైలో తంతి సేవ ముగిసినది; మీటలు మాత్రము కంప్యూటరుపైకి చేరినవి. మీ యింట ఎవరైన సాయంకాలము మణికట్టు పట్టుకొని కూర్చున్నచో, సుకుమారమని నవ్వకుడు. ఏమి పని చేసితివి, ఎంతసేపు చేసితివి, నడుమ ఎన్నిమారులు లేచితివి అని అడుగుడు. నొప్పి విడువనిచో వైద్యునికి చూపించి, ఆయనకును ఆ సంగతులే చెప్పుడు. ఆ లేఖకుడు రెండవ చేయి కూడ పోవువరకు వ్రాయుచునే యుండెను.