లూప్ కౌంటర్

ప్రోగ్రామ్‌లో లూప్ ఎన్నోసారి తిరుగుతోందో లెక్కపెట్టే చలరాశి. దీన్ని వాడేటప్పుడు మూడు విషయాలు తేల్చుకోవాలి: తొలి విలువ, కొనసాగే షరతు, ప్రతి చుట్టులో మార్పు. సీ భాషలోని ఫర్ లూప్‌లో ఈ మూడూ ఒకే వరుసలో ఉంటాయి. వైల్ లూప్‌లో విడివిడిగా రాయాలి. కౌంటర్‌ను పెంచడం మరిస్తే లూప్ ఆగదు.

కౌంటర్లకు ఐ, జె, కె అని పేర్లు పెట్టే అలవాటు ఫోర్‌ట్రాన్‌తో బలపడింది. 1957లో ఐబీఎం విడుదల చేసిన ఈ భాషలో ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే చలరాశులు పూర్ణాంకాలు.

పైథాన్‌లో రేంజ్(5) అంటే 0 నుంచి 4 వరకే. సీలో కౌంటర్‌ను 0తో మొదలుపెట్టి, ‘5 కంటే తక్కువ’ బదులు ‘5 లేదా అంతకంటే తక్కువ’ అని షరతు రాస్తే లూప్ ఆరుసార్లు తిరుగుతుంది. కొత్తవారు తరచూ చేసే పొరపాటు ఇదే. కౌంటర్ మొదటి, చివరి విలువలను కాగితం మీద రాసి చూసుకుంటే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది.