బంగారు తోరణమూ, మెట్ల బావీ

గండికోట చూడబోయే వాళ్ళలో చాలామందికి ఒక చిక్కు వస్తూంటుంది. జమ్మలమడుగు దాటి, ఎర్రమల కొండల్ని చీల్చుకుపోతున్న పెన్నేటి ఒడ్డున నిలబడి, "బంగారు తోరణం కనిపించేది ఇక్కడేనా?" అని అడుగుతారు. ఇక్కడ కాదు. గండి అంటే కొండకు పడ్డ సందు. రాయలసీమలో ఏరు కొండను కోసిన చోటల్లా ఒక గండి ఉంటుంది. పెన్నేరు కోసిన గండి మీద కట్టింది గనుక ఇది గండికోట. మీర్ జుమ్లా చేతిలో ఈ కోట ఉండగా 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు వెతుక్కుంటూ వచ్చింది దీన్నే. మాధవరాయ స్వామి గుడీ, జుమ్మా మసీదూ, ధాన్యాగారమూ, రాయల చెరువూ అన్నీ ఈ కోటలోవే.

బంగారు తోరణం కథ ఉన్నది అదే కడప జిల్లాలో మరో గండిలో. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండల మధ్య నుంచి దూరి వచ్చే చోటు అది. అక్కడ వీరాంజనేయస్వామి గుడి ఉంది. లంక నుంచి తిరిగి వస్తున్న శ్రీరాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండలకూ నడుమ బంగారు తోరణం కట్టాడట. అది ఇప్పటికీ ఉన్నదట గానీ మామూలు కళ్ళకు ఆనదు. పుణ్యాత్ములకు, అదీ అంత్యకాలం దగ్గర పడ్డ వారికి మాత్రమే కనిపిస్తుందని నమ్మకం. మన్రో దొర ఒకసారి ఆ దారిన పోతూ తలెత్తి, "ఆ తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడనీ, చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారనీ, ఆ తర్వాత కొద్ది రోజులకే దొర కన్ను మూశాడనీ చెప్పుకుంటారు.

తోరణం సంగతి ఎలా ఉన్నా, కన్ను మూయడం మాత్రం నిజం. ఆ చావు వెనుక ఉన్నది ఒక మహమ్మారి. దాన్ని గురించి ప్రపంచమంతా డెబ్భై ఏళ్ళ పాటు కొట్టుకున్న వాదన మన సీమ గడప దాకా ఎలా వచ్చిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

నైజాము నవాబు 1800లో దత్తమండలాలను కుంపిణీ వారికి అప్పగించినప్పుడు అక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. ఏడేళ్ళు గుర్రం మీదా డేరాల్లోనూ కాపురం చేసి, రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు లేకుండా పన్ను కట్టే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. జనం ఆయన్ని మాండవ్య ఋషి అన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయంటారు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827 నాటికి ఆయనకు అరవై ఆరేళ్ళు. జబ్బుగా ఉన్న చిన్నకొడుకును తీసుకుని భార్య అంతకు ముందు సంవత్సరమే ఇంగ్లండుకు ఓడెక్కింది. ఆయనా ప్రయాణానికి సిద్ధంగానే ఉన్నాడు. కొత్త గవర్నరు వచ్చేలోగా తను ఒకప్పుడు పనిచేసిన సీమను ఒక్కసారి చూసి పోదామని బయలుదేరాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కాశీకి పోయేముందు పుట్టిన ఊరు చూసి వస్తామంటారే, అలాగన్నమాట.

గుత్తి చేరేసరికే వెంట ఉన్న సిపాయిల్లో కలరా పుట్టింది. జులై 6వ తేదీన పత్తికొండకు మకాం మార్చారు. ఆ ఉదయమే దొరకు వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. రాత్రికి ప్రాణం పోయింది. శవాన్ని గుత్తికి తీసుకుపోయి పూడ్చారు. తర్వాత 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. మద్రాసు రాజధాని అంతటికీ అధికారి, పక్కనే వైద్యుడు, చుట్టూ పటాలం, అయినా ఒక్క పూట గడవలేదు. నీళ్ళు మోసుకుని బతికే కూలిదాన్ని ఎలా తీసుకుపోయిందో ఆయన్నీ అలాగే తీసుకుపోయింది. తనకు సేవ చేస్తున్న వాళ్ళను ఈ రోగపు గదిలో ఉంచడం న్యాయం కాదని ఆ బాధలోనే ఆయన అన్నట్టు జీవిత చరిత్రలు చెబుతున్నాయి.

ఆయన ఆ మాట అన్నాడంటే అంటుతుందేమోనన్న అనుమానం మనసులో ఉన్నట్టే గదా! కాని ఆనాటి వైద్యుల్లో ఎక్కువ మంది కలరా అంటుజాడ్యం కాదనే అనేవారు. వాదన అక్కడే మొదలు.

ఈ రోగం 1817లో బెంగాలులోని జెస్సోరులో విజృంభించి, మరుసటి ఏటికల్లా మద్రాసు రాజధానికి దిగింది. గంగ డెల్టా వారికి పాత చుట్టమే గాని, ఇంత దూరం కాలు సాచడం అదే మొదలు. ఆ రోగాన్ని గురించి మద్రాసు వైద్యమండలి తరఫున విలియం స్కాట్ అనే వైద్యుడు 1824లో పెద్ద నివేదిక అచ్చు వేశాడు. గాలిలో దోషమా, నేలలోంచి లేచే ఆవిరా, తిండి లోపమా, మనిషి నుంచి మనిషికి అంటేదా అని తర్జనభర్జన. గాలి వాదానిదే అప్పట్లో పైచెయ్యి. ఇక వైద్యమంటారా, అది వింటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నీరంతా పోయి ఎండిపోతున్న మనిషికి నెత్తురు తీసేవారు. పాదరసపు మందూ, నల్లమందు ద్రావకమూ, బ్రాందీ పట్టేవారు. దాహం దాహం అని అల్లాడుతున్నా నీళ్ళివ్వకుండా బిగబట్టిన వైద్యులూ ఉన్నారు.

మరి ఊళ్ళలో ఏం చేశారు? మారెమ్మకు కోపం వచ్చిందన్నారు. వేపమండలు కట్టారు, అంబలి పోశారు, కోళ్ళనూ దున్ననూ బలిచ్చారు, అమ్మవారిని బండి మీద పెట్టి పొలిమేర దాటించారు. పొరుగూరి వాళ్ళు ఆ బండిని తమ పొలిమేరలోకి రానిచ్చేవారు కారు, దాని మీద తగాదాలు కూడా అయ్యేవి. మరీ ముదిరితే ఊరికి ఊరే ఖాళీ చేసి చేలల్లో కొట్టాలు వేసుకునేవారు. ఇదంతా మూఢత్వమని తోసిపారేయడం తేలిక. కాని కాస్త నిదానంగా ఆలోచించండి. రోగం మనుషులతో పాటే ఊరు దాటుతుందని వాళ్ళకు తెలుసు, అందుకే పొలిమేర కట్టారు. ఊరు విడిచినప్పుడు ఊరి బావినీ విడిచారు. కారణం తెలియకపోయినా సగం దారి సరిగ్గానే నడిచారు. మిగతా సగమే ప్రాణం తీసింది. జాతర పేరిట వందల మంది ఒక్క చోట చేరి ఒకే కుంటలో నీళ్ళు తాగారు.

లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు 1854లో బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు చుట్టూ ఉన్న ఇళ్ళు తిరిగి, ఎవరెవరు ఆ నీళ్ళు తాగారో, ఎవరెవరు పోయారో లెక్క రాసి, రోగం నీళ్ళలో ఉందని చెప్పాడు. విన్న వాళ్ళు తక్కువ. పైగా మన దేశపు సర్కారుకు వినకపోవడంలోనే లాభం ఉంది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో దేశదేశాల వారు సభ చేసి, కలరా ఇండియా నుంచి మనుషుల ద్వారా వస్తోందని తేల్చారు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. మనుషుల ద్వారా అంటుతుందని ఒప్పుకుంటే ప్రతి ఓడనూ రేవులో పది రోజులు నిలబెట్టాలి. సరుకు ఆగిపోతుంది, వ్యాపారం దెబ్బ తింటుంది. అందుచేత ఇండియా ప్రభుత్వపు శానిటరీ కమిషనరు కనింగ్‌హామ్ చివరిదాకా అది అంటురోగం కాదనే పట్టు పట్టాడు. రోగం పేరు చెబితే అంగడి మూతపడుతుందన్న భయం ఈనాటిది కాదు సుమా!

ఆ మొండి పట్టు మధ్యనే మన సీమకు ధాత కరువు వచ్చి పడింది. 1876లో వానలు మొహం చాటేశాయి. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు మాడిపోయాయి. 1877 జనవరిలో ఖర్చు తగ్గించమని వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి వచ్చాడు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన చిల్లరగా కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దానికి అడ్డం తిరిగాడు. జైల్లో పని చేసే ఖైదీకి ఇంతకంటే ఎక్కువ పెడుతున్నాం, ఏ నేరమూ చేయని కూలివాడికి ఇంత తక్కువ ఎలా చాలుతుంది అని అడిగాడు. ఒట్టి ధాన్యమే కాదు, పప్పూ కూరా కూడా ఉండాలన్నాడు. ఇద్దరి ఉత్తర ప్రత్యుత్తరాలూ అచ్చయ్యాయి, పత్రికలు అందుకున్నాయి.

ఒక పౌను ధాన్యంలో ఎంత అన్నమవుతుందో వంటింట్లో ఉన్న మనకు వేరే లెక్క చెప్పాలా? పొద్దస్తమానం ఎండలో సుత్తి పట్టిన మనిషికి అది ఏ మూలకు? ఈ వాదన జరుగుతున్న నెలల్లోనే సహాయ శిబిరాల్లో కలరా చొరబడింది. ఎండిన చెరువుల్లో అడుగున మిగిలిన బురద నీళ్ళే గతి. ఒంట్లో సత్తువ లేదు. ఆ ఒక్క 1877లోనే మద్రాసు రాజధానిలో కలరా చావులు మూడు లక్షలు దాటాయి. చివరకు మే నెలలో మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. గెలిచింది కార్నిషే. కాని ఆ నాలుగు నెలలు చనిపోయిన వాళ్ళకు ఆ గెలుపుతో ఏం పని?

1884లో రాబర్ట్ కాక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో, చెరువు నీళ్ళలోనే ఆ క్రిమిని పట్టుకున్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం వెంటనే తన వైద్యులను పంపి, అది కారణం కాదనిపించింది! 1959లో మన శంభునాథ్ డే కలకత్తాలోనే పరిశోధన చేసి, ఆ క్రిమి విడిచే విషమే పేగుల్లోంచి నీటిని పిండేస్తుందని చూపించాడు. అంటే చంపేది ఒంట్లో నీరు పోవడం. మరి పోయిన నీరు తిరిగి పోస్తే? 1832లోనే, మన్రో పోయిన అయిదేళ్ళకు, ఆయన పుట్టిన స్కాట్లండులోనే థామస్ లాటా అనే వైద్యుడు రక్తనాళంలోకి ఉప్పునీరు ఎక్కించి కొందరిని బతికించాడు. ఆ దారిని అప్పట్లో కొనసాగించిన వాళ్ళు లేకపోయారు.

ఆ పని నోటి ద్వారానే జరిగిపోతుందని పెద్ద ఎత్తున రుజువు చేసినవాడు డాక్టర్ దిలీప్ మహలనబిస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో సెలైను సీసాలు అయిపోతే, ఉప్పూ గ్లూకోజూ సోడా ఉప్పూ కలిపిన నీళ్ళు పీపాల్లో నింపి, తల్లుల చేతికీ అక్కచెల్లెళ్ళ చేతికీ కప్పులిచ్చి తాగించమన్నాడు. నూటికి ముప్ఫై మంది పోతున్న చోట చావులు నాలుగు లోపుకు దిగాయి. ఎంత చదివిన వైద్యుడైనా ఆ శిబిరంలో చేయలేని పనిని రోగి తలగడ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు చేశారు. ఇంట్లో ఎప్పుడైనా అవసరం పడితే కొలత గుర్తుంచుకోండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే కీడు, తక్కువైతే గుణం లేదు. దాన్ని తాగిస్తూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

2020లో కరోనా వచ్చినప్పుడు చూశాం గదా, మళ్ళీ అదే పాట. గాలిలో ఉందా, తాకితే వస్తుందా, అంగళ్ళు మూయాలా, తెరవాలా, కషాయమా, టీకానా? ఇంటింటా రెండు పార్టీలు. వాదించుకోవడం తప్పు కాదు. కార్నిష్ వాదించకపోతే కూలి పెరిగేది కాదు. కాని ఎవరు ఏది అంటున్నారో వినేటప్పుడు, ఆ మాట వల్ల ఎవరి సరుకు ఆగకుండా పోతోందో, ఎవరి కంచంలో ముద్ద తగ్గుతోందో కూడా చూడాలి. కనింగ్‌హామ్ చదువుకున్న వాడే, టెంపుల్ తెలివైన వాడే. వాళ్ళు కొలిచినది ఓడల ఆలస్యాన్నీ, ఖజానా ఖర్చునీ. కార్నిష్ కొలిచినది గింజల్ని, స్నో కొలిచినది బిందెల్ని.

చివరగా ఒక్క సంగతి. మన్రో పోయాక ఆయన మీది గౌరవంతో ప్రభుత్వం గుత్తిలో సత్రం కట్టించింది. పత్తికొండలో ఆయన ప్రాణం విడిచిన చోటికి దగ్గరలో తోపు వేయించి, చుట్టూ రాతి మెట్లతో ఒక బావి తవ్వించింది. ఎండసీమలో చల్లని నీడా, తాగేందుకు నీళ్ళూ, ఇంతకంటే మంచి జ్ఞాపకచిహ్నం ఎవరు మాత్రం ఏం కట్టగలరు? కాని మెట్ల బావి అంటే దిగిన ప్రతి పాదమూ నీటిని తాకే బావి. సీమ ఊళ్ళలో బిందె ముంచుకోవడానికి దిగిన ఆడవాళ్ళ కాళ్ళకు నారికురుపు పట్టుకున్నదీ, ఆ కాళ్ళ నుంచే మళ్ళీ నీటిలోకి పోయినదీ ఇలాంటి బావుల్లోనే. మన దేశం నారికురుపు నుంచి బయటపడిందని ధ్రువపత్రం వచ్చింది 2000లో. మెట్లు మూసి, చేతిపంపులు వేసి, గుడ్డలో వడకట్టుకుని తాగడం నేర్చుకున్నాకనే ఆ పీడ వదిలింది.

నీటి వల్ల పోయిన మనిషి పేరు మీద, నీటిలో ఏముందో తెలియకుండా, ప్రేమతో కట్టించిన బావి అది. తవ్వించిన వాళ్ళను తప్పు పట్టలేం. స్నో తన లెక్క రాయడానికి అప్పటికింకా పాతికేళ్ళు పైబడి వ్యవధి ఉంది. మనకు మాత్రం ఆ లెక్క తెలుసు. గండికి వెళితే తలెత్తి తోరణం కోసం చూడండి, కనిపించకపోతే మంచిదే! కాని అక్కడ పిల్లలకు నీళ్ళు పట్టే ముందు మాత్రం ఆ నీళ్ళు ఎక్కడివో ఒక్కసారి అడగండి.