నల్లవారి ఆరోగ్యం: అపనమ్మకమా, అడ్డగింపా?

అమెరికాలో నల్లజాతివారి అనారోగ్యం గురించి రాసేవాళ్లు చాలామంది టస్కెగీ ప్రయోగం దగ్గరే ఆగిపోతారు. అలబామాలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో ప్రభుత్వ వైద్యులే గమనిస్తూ కూర్చున్నారు. దాంతో నల్లవారికి డాక్టర్ల మీద నమ్మకం పోయిందనీ, తెల్లవారితో పోలిస్తే నేటి ఆరోగ్య తేడాలకు అదే మూలమనీ వాదన. ఘోరం నిజమే. కానీ ఈ వాదన చివరికి తప్పును రోగి నెత్తినే రుద్దుతుంది. వాళ్లు రాలేదు సరే, అసలు రానిచ్చారా?

పాత కథ తెలిసిందే. బానిసత్వ కాలంలో కార్ట్‌రైట్ అనే డాక్టరు నల్లవారి ఊపిరితిత్తులకు సత్తువ తక్కువన్నాడు. 1896లో ప్రుడెన్షియల్ బీమా కంపెనీ గణాంకవేత్త హాఫ్‌మన్ ఆ జాతికి పుట్టుకతోనే ఆయుష్షు తక్కువని లెక్కలు కట్టాడు. తేడా రక్తంలో లేదు, బతుకు పరిస్థితుల్లో ఉందని 1906లో నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డుబోయిస్ జవాబిచ్చాడు.

అసలు చూడాల్సింది 1946 తర్వాతి ఇరవై ఏళ్లను. ఆ ఏడాది వచ్చిన హిల్-బర్టన్ చట్టం ఆసుపత్రుల నిర్మాణానికి ఫెడరల్ నిధులిచ్చింది. సమానంగా ఉంటే చాలు, నల్లవారికి వేరే ఏర్పాటు చేసుకోవచ్చని అందులోనే రాసి ఉంది. నార్త్ కరోలైనాలోని గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడి దగ్గరికి దవడ వాచి, జ్వరంతో ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. నల్లవారి ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదు. ప్రభుత్వ సొమ్ముతో పెరిగిన తెల్లవారి ఆసుపత్రులు చేర్చుకోలేదు. సిమ్‌కిన్స్ తోటి వైద్యులతో, రోగులతో కలిసి 1962లో కోర్టుకెక్కాడు. మరుసటి ఏడాది అప్పీళ్ల కోర్టులో గెలిచాడు. 1964లో పౌరహక్కుల చట్టమూ వచ్చింది.

అయినా చాలా ఆసుపత్రులు కదల్లేదు. కదిలించింది 1966 జులైలో మొదలైన మెడికేర్, అంటే వృద్ధుల వైద్య ఖర్చు భరించే ప్రభుత్వ బీమా. రోగులను రంగును బట్టి వేరు చేస్తే ఆ డబ్బు రాదన్నారు. ఏ గదిలో ఎవరిని పడుకోబెడుతున్నారో, నల్లజాతి డాక్టర్లను పని చేయనిస్తున్నారో లేదో తనిఖీదార్లు వెళ్లి చూశారు. కొద్ది నెలల్లోనే వెయ్యికి పైగా ఆసుపత్రులు దారికొచ్చాయి.

ఫలితాన్ని ఆల్మండ్, చే, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. 1965–71 మధ్య దక్షిణాది పల్లెల్లో, ముఖ్యంగా మిసిసిపీలో, నెల దాటిన నల్లజాతి పసిపిల్లల మరణాలు బాగా తగ్గాయి. అందులోనూ ఎక్కువగా తగ్గినవి విరేచనాలు, న్యుమోనియా వల్ల పోయే ప్రాణాలు. అంటే సెలైన్‌తో, యాంటీబయాటిక్స్‌తో నిలబెట్టగలిగినవి. అవే ఏళ్లలో పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్, తిండికి ఫుడ్ స్టాంపులు వచ్చాయి. మిసిసిపీలోని మౌండ్ బయూలో డాక్టర్ జాక్ గీగర్ క్లినిక్ ఆకలితో ఉన్నవారికి తిండినే మందుగా చీటీ మీద రాసింది. కాబట్టి ఘనతంతా ఆసుపత్రులకే కట్టబెట్టలేం. కానీ మరణాలు తగ్గిన సమయం జిల్లాల వారీగా ఆసుపత్రులకు మెడికేర్ ఆమోదం వచ్చిన సమయంతో సరిపోతోంది. పైగా టస్కెగీ సంగతి లోకానికి తెలిసిందే 1972లో. అంతకుముందే తల్లులు బిడ్డలను ఎత్తుకుని ఆసుపత్రులకు వచ్చారు.

మరి ఈనాడు? 1950లో వెయ్యి జననాలకు నల్లజాతి శిశుమరణాలు 43.9, తెల్లవారివి 26.8. 2022లో దాదాపు 11, 4.5. రెండూ తగ్గాయి, నిష్పత్తి మాత్రం పెరిగింది. ఇప్పటి తేడాలో పెద్ద భాగమైన, నెలలు నిండకుండా పుట్టే బిడ్డల సమస్య ఆసుపత్రి తలుపు తీస్తే తీరేది కాదు. అది తల్లి బతుకంతటితో ముడిపడింది. జన్యువుల వల్లే అనేవారికి 1997లో వెలువడిన ఇల్లినాయ్ అధ్యయనం అడ్డు నిలుస్తుంది. ఆఫ్రికాలో పుట్టి వలసవచ్చిన తల్లుల బిడ్డల బరువు అమెరికా నల్లజాతి తల్లుల బిడ్డలకన్నా తెల్లవారి బిడ్డలకే దగ్గరగా ఉంది. వలసవచ్చేవారు మామూలుగానే ఆరోగ్యవంతులన్న అభ్యంతరం సబబే. కానీ తర్వాతి తరాల్లో ఆ మేలు కరిగిపోవడాన్ని అది వివరించదు.

దిద్దుబాట్లు జరక్కపోలేదు: మూత్రపిండాల పనితీరును లెక్కగట్టే సూత్రం నుంచి 2021లో జాతిని తీసేశారు. ఊపిరితిత్తుల పరీక్షల్లోనూ అలాగే చేయాలని 2023లో నిపుణులు సూచించారు. మంచిదే, కానీ సూత్రం మార్చడం చవకైన పని. నమ్మకం పెంచే శిక్షణలూ అంతే. మిసిసిపీ, అలబామాలు 2024 నాటికి కూడా మెడికెయిడ్‌ను విస్తరించలేదు. ఆసుపత్రులకు నేడు అందే ఫెడరల్ సొమ్ము 1966లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఫలితాల్లో తేడా తగ్గితేనే ఇస్తామని గట్టిగా అడిగే ధైర్యం మాత్రం ఆనాటితో పోలిస్తే తక్కువ.