రిజిస్టరుకెక్కని రోగం

మనదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా విజయనగరం వైపే, 1892లో. అప్పటికి ఇదంతా విశాఖపట్నం జిల్లా. ఎల్.ఎల్. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడూరు గని పేరు మీద ఇక్కడి శిలకి ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. అలా రాయి పుస్తకాలకెక్కింది. మాంగనీసు గనుల్లో తట్టలు మోసి, ముడిరాయి పగలగొట్టి, పనికిరానిది ఏరి పారేసిన ఆడవాళ్ళ ఒంట్లో సంగతి ఎవరు రాసిపెట్టాలి? ఆ ప్రశ్నతో 1952 గనుల చట్టం తీశాను.

రాసే పని ఆ చట్టం యాజమాన్యానికే అప్పగించింది. దెబ్బ తగిలిన మనిషి 24 గంటలకి మించి పనికి రాలేకపోతే రిజిస్టరులో ఎక్కించాలి. ఈ 24 గంటల లెక్క నాకు మింగుడుపడలేదు. వేలు నలిగితే గుడ్డ చుట్టుకుని మర్నాడు కూలికొచ్చే మనిషికి, రాకపోతే పొయ్యి వెలగని మనిషికి ఇందులో చోటేది? ఆ నలిగిన వేలితోనే రాత్రి నీళ్ళు తోడుతుంది, గిన్నెలు తోముతుంది. ఆ పని సంగతి ఏ రిజిస్టరూ అడగదు.

రోగమైతే మరీ చిక్కు. గని పనివల్ల వచ్చే రోగాలుగా ప్రకటించిన వాటిలో మాంగనీసు విషం ఉంది. అది సోకితే యజమానీ, వైద్యం చేసే డాక్టరూ గనుల ప్రధాన ఇన్‌స్పెక్టరుకి తెలియజెయ్యాలి. గని మానేసిన మనిషి గురించి కూడా డాక్టరు రాయాలన్నారు, అది మంచి మాటే. రాయకపోతే పడే జరిమానా మాత్రం ఆ చట్టంలో 50 రూపాయలు దాటేది కాదు!

అసలు గుర్తుపట్టేదెవరు? గ్లాస్గోలో మాంగనీసు పొడి నూరే కూలీల్లో ఈ జబ్బుని కూపర్ 1837లోనే వర్ణించాడు. నడక తడబడుతుంది, గొంతు సన్నగిల్లుతుంది, ముఖంలో కదలిక పోతుంది. పీల్చిన దుమ్ము మెదడుని పాడుచెయ్యడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. కొందరు మొదట్లో కారణం లేకుండా నవ్వుతారు, ఏడుస్తారు. చిలీ గనుల్లో దీన్ని మాంగనీసు పిచ్చి అన్నారు. మన ఊళ్ళల్లో అలా నవ్వే ఆడమనిషిని చూస్తే ముందు తోచేది గాలి సోకిందనేగా? తూలే మగవాడైతే తాగాడంటాం. పైగా ఆమె మేస్త్రీ కింద కూలి. గని హాజరుపట్టీలో పేరే లేకపోతే, ఏ గనిలో జబ్బు పడిందని రాస్తారు?

2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ వచ్చింది. రోగం సంగతి తెలియజెయ్యాల్సింది అందులోనూ యాజమాన్యమూ, డాక్టరూనే. అమ్మ చేతిలో గిన్నె జారుతోందని అందరికంటే ముందు కనిపెట్టే కూతురు ఎవరికి చెప్పాలో ఆ సెక్షన్లో లేదు.